ఆలంగుళాన్ని అరపూటలో కట్టేయండి

కరిసల్ అనే నల్లరేగడి నేల మీద ఒక పల్లెను కంప్యూటర్‌లో అచ్చుగుద్దినట్టు కట్టమని పని వచ్చింది. ఊరు విరుదునగర్ జిల్లా ఆలంగుళం. గడువు నెల. నెలంతా పనిచేసేవాళ్లను చూసి జాలిపడండి. కింది చిట్కాలు పాటిస్తే ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనం చేసి మొదలుపెట్టినా చీకటి పడేలోగా తేలిపోతుంది.

1. ఊరికి వెళ్లకండి. కోవిల్‌పట్టి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, బస్సులో ఎండ. ఎందుకొచ్చిన బాధ? నెట్‌లో ఆలంగుళం అని కొట్టండి. తెన్‌కాశి జిల్లాలోనూ ఒక ఆలంగుళం ఉంది. వెనకాల పడమటి కనుమలు, ముందు పచ్చదనం, ఫొటోలు కూడా బాగుంటాయి. అవే దింపుకోండి. అసలు ఊరివాళ్లెవరైనా పట్టుకుంటే చిత్రకారుడు కొండయ్య రాజును అడ్డం పెట్టండి. ఆయన నాటకాల కంపెనీకి తెరలు రాస్తూ కోవిల్‌పట్టి చేరి, 1940ల్లో అక్కడే ఉండిపోయాడు. ఆయన దేవుళ్ల బొమ్మలు శివకాశిలో కేలండర్లుగా అచ్చయి ఇంటింటికీ వెళ్లాయి. ఆ దేవుళ్ల వెనకున్న కొలనులూ కొండలూ కోవిల్‌పట్టిలో ఎక్కడున్నాయని ఎదురు ప్రశ్న వేయండి. పట్టుచీర మడత మడతకూ ఆయన వెలుగు ఎలా మార్చేవాడో మాత్రం మీరై ఎత్తకండి.

పుస్తకాల జోలికీ వెళ్లకండి. ఇడైసెవల్‌లో పుట్టిన మన తెలుగాయన కి. రాజనారాయణన్ కరిసల్ సీమ మాటలకు ఏకంగా నిఘంటువే కట్టాడు. అలాంటి పుస్తకాలు తిరగేస్తే అనుమానాలు పుడతాయి. అనుమానం వస్తే పని ఆగుతుంది.

2. నేలకు నలుపు వేయండి. ఎంత నలుపు? సున్నా. మూడు రంగుల అంకెలూ సున్నా. బొగ్గు కూడా మీద పడ్డ వెలుతురులో నాలుగు శాతం దాకా వెనక్కి ఇస్తుందనీ, ఎండిన రేగడి బూడిదరంగుకు తిరుగుతుందనీ, తడిస్తేనే నల్లబడుతుందనీ చాదస్తులు చెబుతారు. వినకండి. ఎడ్లబండి గోతిలో తేలుతున్నట్టు కనిపిస్తే, "కరిసల్ అంటే నలుపే కదండీ" అనండి.

ఇక నెర్రెలు. బీటలు వారిన నేల ఫొటో ఒక్కటి చాలు. దాన్నే పక్కపక్కనే పరుచుకుంటూ దిగంతం దాకా వెళ్లిపోండి. నిజంగా చూస్తే రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని పగులుతుంది. చేలో నెర్రె నోరు తెరుస్తుంది, దాని అంచు రాలి లోపలికి పడుతుంది. బండ్లబాటలో చక్రాలకు నలిగి పొడి అవుతుంది. నీళ్లు ఒలికే బావిగట్టు దగ్గర పగులే ఉండదు. ఇన్ని రకాలు మనవల్ల అయ్యే పనేనా? చేలో, బాటలో, బావి దగ్గర, గుడిలో, వంటింట్లో కూడా అదే నెర్రె పెట్టండి. నేలంతా కడల మిఠాయి (పల్లీ పట్టీ) ముక్కలు పేర్చినట్టు వస్తుంది. కోవిల్‌పట్టి కడల మిఠాయికి 2020లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. స్థానికత ఉట్టిపడుతోందని మీరే ముందు అనేయండి.

3. ఎగుడుదిగుళ్లు చూపించే నార్మల్ మ్యాప్ ఎక్కడి నుంచి తెచ్చారో చూడకండి. ఓపెన్‌జీఎల్ లెక్కకూ డైరెక్ట్ఎక్స్ లెక్కకూ పచ్చ ఛానల్ తలకిందులు. అది మార్చకపోతే గుంటలు గట్లవుతాయి, నెర్రెలు నరాల్లా పైకి ఉబుకుతాయి. శుభం. పొలానికి ప్రాణం వచ్చిందని చెప్పొచ్చు. 1978లో జిమ్ బ్లిన్ ఈ ఎగుడుదిగుళ్ల కిటుకు కనిపెట్టింది, ఆకారం మార్చకుండానే కన్ను మోసపోవాలని. మీరు ఇంకో అడుగు ముందుకు వేసి క్లయింటును కూడా మోసం చేస్తున్నారు.

4. అన్నీ మెరిపించండి. గరుకుదనం చెప్పే రఫ్‌నెస్ మీటను సున్నాకు లాగండి. సున్నం గోడ, తాటాకు కప్పు, గోనెసంచి, మేక, అన్నీ ఇప్పుడే ఆముదం రాసుకుని వచ్చినట్టుండాలి. మెరిస్తేనే గ్రాఫిక్స్ అని పెట్టుబడి పెట్టేవాళ్ల నమ్మకం. అది చెదరగొట్టకండి.

5. 1970 నుంచి ప్రభుత్వ సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరు కాబట్టి దుమ్ము వేయమంటారు. వేయండి. దుమ్ము పైనుంచి దిగి ఆకు పైవైపున, పెంకు మీద, గోడ అంచున కూర్చుంటుంది. చూరు కిందా మంచం అడుగునా ఉండదు. ఆ తేడాలు పెట్టుకుంటే రాత్రవుతుంది. ఒక్క బూడిదపొర తీసి అన్నిటికీ పులమండి. ఉట్టి మీది వెన్నకుండను కూడా వదలకండి.

6. వెలుతురుకు ఉచితంగా దొరికే హెచ్‌డీఆర్‌ఐ (చుట్టూ ఉన్న వెలుతురంతా పట్టిన ఫొటో) ఒకటి పట్టండి. యూరప్‌లో మంచు పడ్డ పైన్ అడవి అయితే శ్రేష్ఠం. ఏప్రిల్ మధ్యలో ఆలంగుళంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన నిలబడతాడు, మనిషి నీడ పాదాల కిందికి దూరుతుంది. మీ ఊళ్లో మాత్రం అవ్వ మధ్యాహ్నం సంగటి కలుపుతుంటే ఆమె నీడ పక్క వీధి దాకా సాగాలి. బావిగట్టు మీది ఇత్తడిబిందెను దగ్గరగా చూపించండి. దాని పొట్టలో పైన్ చెట్లూ వాటి వెనక ఒక చర్చి గోపురమూ కనిపిస్తాయి. ఎవరైనా అడిగితే సర్వమత సామరస్యం.

7. తాటిచెట్టు ఒక్కటి చేసి రెండు వందలు నాటండి. తిప్పకండి, వంచకండి, పొడుగు మార్చకండి. గాలి వీస్తే అన్నీ ఒకేసారి ఒకే వైపు తల ఊపాలి. క్రమశిక్షణ.

8. మెమరీని తెలివిగా తగలేయండి. తెర నిండా కనిపించే గోడకు 256 పిక్సెళ్ల బొమ్మ అతికించండి. దూరాన అరుగు మీద పడున్న సాత్తూరు అగ్గిపెట్టెకు 4096 పెట్టండి. ఆ ఒక్క బొమ్మే కుదించకుండా 64 ఎంబీ తింటుంది. ఒక్కోదానికీ వేరే బొమ్మ పెట్టి అలాంటి అగ్గిపెట్టెలు ఓ వంద చల్లితే మెషీన్ కూలబడుతుంది. అప్పుడు కొత్త గ్రాఫిక్స్ కార్డు అడగండి. వచ్చేదాకా సెలవు.

9. మిగిలిన తప్పులకు పొగమంచు. ఆలంగుళం ఎండలో పొగమంచేమిటని అడిగితే "మూడ్" అనండి. ఈ మాటకు ఇంతవరకూ ఎవరూ జవాబు కనిపెట్టలేదు. రెండర్ శాంపిళ్లు పదహారుకు దించి, మచ్చలు చెరిపే డీనాయిజర్ తిప్పండి. ముఖాలూ గోడలూ మేకలూ వెన్నలా కలిసిపోతాయి.

10. సాకులు ముందే వరుసలో పేర్చుకోండి. నేల బాగాలేదంటే లైటింగ్ వాడి తప్పు. లైటింగ్ బాగాలేదంటే మోడల్ చేసినవాడి తప్పు. మూడూ మీరే చేసి ఉంటే హార్డ్‌డిస్క్ తప్పు. అప్పటికీ వదలకపోతే "బాహుబలి బడ్జెట్ ఇవ్వండి, మాహిష్మతి చూపిస్తాం" అని గంభీరంగా అనండి. "2012లో ఈగ తీసినవాళ్లు ఒక ఈగకు ఎంత కష్టపడ్డారో చూశారా?" అని వాళ్లు అడిగితే, ఫోన్ మోగినట్టు నటించి బయటికి నడవండి.

11. చూపించేటప్పుడు ఆలంగుళంవాళ్లను గదిలోకి రానివ్వకండి. తప్పించుకుని ఏ తాతో లోపలికి వచ్చి, "ఇది ఏ ఊరప్పా?" అంటే, "మీ చిన్నప్పటిది తాతా, మరిచిపోయినారు" అనండి. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ తెర దగ్గరికి వంగేలోగా ప్రొజెక్టర్ తీగ లాగేయండి. బిల్లు మాత్రం అంతకుముందు రాత్రే పంపించి ఉండాలి.