పసుపు మొవ్వే నా పుట్టిల్లు

నేను పసుపు చేనులో పుట్టిన రెక్కల పురుగును. మాది నిజామాబాద్ జిల్లా ముప్కాల్. పక్కనే బాల్కొండ, అవతల పోచంపాడు జలాశయం, చుట్టూ పసుపు, మక్క, ఎర్రజొన్న చేన్లు. రెక్కలు పూర్తిగా చాచినా ఇంచుమించు అంగుళమే ఉంటాను. ఒళ్లు పసుపుపచ్చన, రెక్కల నిండా నల్లచుక్కలు. రైతులకు ఈ రూపంలో నేను కనబడేది తక్కువ. వాళ్లు ఎరిగింది, తిట్టుకునేది నా చిన్ననాటి రూపాన్నే. దాని పేరు కాండం తొలుచు పురుగు.

జూన్ వానలకు పసుపు విత్తుతారు. మొక్కలు ఏపుగా లేచే జులై నుంచి అక్టోబరు దాకా మా రాజ్యం. మా అమ్మ చీకట్లో వచ్చి లేత ఆకుల దగ్గర గుడ్లు పెట్టిపోయింది. తల్లిని చూసే రాత మా జాతిలో ఎవరికీ లేదు. గుడ్డులోంచి వచ్చాక లేత ఆకు కొరికి బలం తెచ్చుకుని కాండంలోకి దూరాను. పసుపు కాండంలో కట్టె ఉండదు. ఆకుల తొడుగులు ఒకదాన్నొకటి గట్టిగా చుట్టుకుని నిలబడ్డదే ఆ కాండం. మెత్తటి గోడలు, కడుపునిండా తిండి, వానకు తడవని చోటు. అప్పుడు నా ఒంటికి గులాబి ఛాయ, దానిమీద గోధుమరంగు మచ్చలు ఉండేవి. తిన్నదంతా పొట్టుగా మార్చి రంధ్రంలోంచి బయటికి నెట్టేదాన్ని. నేను లోపల బలిసేకొద్దీ పైన మొవ్వు పసుపుబారి ఎండిపోయింది. మొవ్వు ఎండితే ఆకు రాదు, ఆకు లేకపోతే దుంపకు తిండి అందదు. ఆ నష్టం నాదేనని ఒప్పుకుంటాను.

ఒళ్లు నిండాక ఆ సొరంగంలోనే పట్టుగూడు అల్లుకుని కదలకుండా పడుకున్నాను. లేచేసరికి రెక్కలొచ్చాయి. అప్పట్నించి పగలు ఆకుల కింద దాక్కోవడం, రాత్రి తిరగడం.

రాత్రంటే మాకు గబ్బిలాల భయం. అందుకే మాకు చెవులున్నాయి. అవి తలమీద ఉండవు, పొట్ట మొదట్లో ఉంటాయి. మనుషుల చెవికి అందని గబ్బిలం కూత వాటికి అందుతుంది. ఆ చెవులే మా పెళ్లికీ పనికొస్తాయి. మా జపాన్ బంధువుల మీద అక్కడి శాస్త్రవేత్తలు పరిశోధన చేశారు. మగ పురుగు గబ్బిలం కూతను పోలిన పొట్టి శబ్దాలతో పోటీదారులను తరుముతుందట. ఆ తర్వాత దీర్ఘంగా పలుకుతుందట. ఆడది ఒప్పుకుంటే రెక్కలు నిటారుగా పైకెత్తుతుంది.

మా వంశం పెద్దది. 1854లో గెనే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మాకు శాస్త్రీయ నామం పెట్టాడు. మావాళ్లు ఆముదపు కాయలు తొలుస్తారు, చైనా, జపాన్‌లలో పీచు పళ్లు తింటారు, ఆస్ట్రేలియా దాకా వ్యాపించారు. పశ్చిమ కనుమల ఏలకు తోటల్లో ఉన్నవాళ్లు వేరే జాతి అని తేల్చి, 2018లో సహ్యాద్రి పేరు కలిపి కొత్త పేరు పెట్టారు.

రైతన్నా, నిజామాబాద్‌లో 2025లో జాతీయ పసుపు బోర్డు కార్యాలయం తెరిచారు. ధర సంగతి యార్డులో, బోర్డులో తేలాలి. నా సంగతి మాత్రం మీ చేనులోనే తేలుతుంది. నేను కాండంలో దూరాక పైన కొట్టిన మందు నన్ను తాకడం కష్టం. అదే మందు నన్ను వేటాడే చిన్న కందిరీగలను మాత్రం తేలిగ్గా చంపుతుంది. అవి మా పిల్లల ఒంట్లో గుడ్లు పెట్టి మా సంతతిని తగ్గిస్తాయి. అవి పోతే మాకు అడ్డు ఉండదు.

కాబట్టి జులై నుంచే సాళ్ల వెంట నడవండి. ఎండిన మొవ్వు, రంధ్రం, దాని దగ్గర పొట్టు కనిపిస్తే ఆ కాండాన్ని కోసి, చీల్చి, లోపలి పురుగును చంపేయండి. ఉద్ధృతి ఎక్కువైతే ఏ మందు, ఎంత మోతాదు అన్నది దుకాణంలో కాకుండా కమ్మర్‌పల్లి పసుపు పరిశోధనా స్థానంలో అడగండి. మందు డబ్బా పట్టేముందు మొవ్వు చూడండి.