మధ్యాహ్నం సీరియల్లో గే పాత్రను దించడం ఎలా?

నాయనా, అమెరికాలో మధ్యాహ్నం సీరియల్‌కి హెడ్ రైటర్ కుర్చీ దక్కిందట. సంతోషం. వారానికి ఐదు ఎపిసోడ్లు, పండగా లేదు పబ్బమూ లేదు, నిద్ర సంగతి ఇక మరిచిపో. ఛానెల్ పెద్దలు నిన్ను పిలిచి, ‘మన సీరియల్ ఊళ్లో ఒక గే పాత్ర ఉంటే ఈ కాలానికి తగ్గట్టు ఉంటుంది, కానీ ఎవరి మనసూ నొచ్చుకోకూడదు’ అన్నారట కదా. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. కంగారెందుకు? నీకంటే ముందు ఎందరో ఘనులు ఈ పని చేసి చూపించారు. వాళ్లు వేసిన బాటలో కళ్లు మూసుకుని నడువు.

ఒక్క సంగతి మాత్రం ఒంటబట్టించుకో. ఈ సీరియళ్లలో అమ్ముడయ్యే సరుకు ప్రేమ. హత్యలు, కవలలు, గతం మరిచిపోవడాలు, చచ్చినవాళ్లు తిరిగి రావడాలు, ఇవన్నీ ప్రేమకు అడ్డం పడటానికి పుట్టినవే. నీ గే కుర్రాడికి ఆ అడ్డంకులన్నీ ధారాళంగా ఇవ్వు. ప్రేమను మాత్రం తాళం వేసి దాచు.

ముందుగా వాడెవడో తేల్చుకోవాలి. ఊళ్లో వేళ్లూనిన ఇంటి పిల్లవాడు కాకుండా చూడు. ఎక్కడి నుంచో రావాలి, పదిమందికీ పనికొచ్చే వృత్తిలో ఉండాలి, పని కాగానే వెళ్లిపోవడానికి వీలుండాలి. ‘ఆల్ మై చిల్డ్రన్’ వాళ్లు 1980ల మొదట్లో లిన్ కార్సన్ అనే మానసిక వైద్యురాలిని తెచ్చారు. అక్కడి మధ్యాహ్నం సీరియళ్లలో మొదటి లెస్బియన్ పాత్రగా ఆమెనే చెప్పుకుంటారు. డాక్టరమ్మ కాబట్టి ఊరివాళ్ల గోడు వినడంతోనే సరిపోయింది, తన గోడు చెప్పుకునే తీరిక ఎక్కడిది? 1988లో ‘యాజ్ ది వరల్డ్ టర్న్స్’ వాళ్లు హ్యాంక్ ఎలియట్‌ను ఫ్యాషన్ డిజైనర్‌గా దించారు. ప్రియుడు చార్లెస్ ఉన్నది వేరే ఊళ్లో, పైగా ఎయిడ్స్ రోగి. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టే బాధ రచయితకు తప్పింది. 1995లో మళ్లీ ‘ఆల్ మై చిల్డ్రన్’లో చరిత్ర మాస్టారు మైకేల్ డెలానీ వచ్చాడు. నాజీల నరమేధం గురించి పాఠం చెబుతూ, గే మగవాళ్ల బట్టల మీద కుట్టించిన గులాబీరంగు త్రికోణం ప్రస్తావన తెచ్చి, క్లాసులోనే తన సంగతి బయటపెట్టాడు. చూడు, ఎంత పొందికగా ఉందో! తాను ఎవరో చెప్పుకోవడానికి కూడా సిలబస్‌లో చోటు వెతుక్కున్నాడు.

ఈ జాగ్రత్త పాటించకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను, విని గుండె దిటవు చేసుకో. అదే సీరియల్లో ఎరికా కేన్ ఉంది. 1970 నుంచి 2011 దాకా సూసన్ లూచీ వేసిన పాత్ర, ఆ సీరియల్‌కి మహారాణి. పెళ్లిళ్ల సంఖ్య నేను లెక్కపెట్టలేదు, ఆమె కూడా పెట్టుకుని ఉండదు. 2000 డిసెంబరులో ఆ మహారాణి కూతురు బియాంకా, తాను లెస్బియన్‌నని తల్లితో చెప్పేసింది. బియాంకా ప్రేక్షకుల కళ్ల ముందు పుట్టిన పిల్ల. కడుపులో ఉన్నప్పటి నుంచీ ఎరుగుదురు. అద్దె ఇంట్లో దిగిన డాక్టరమ్మనైతే బదిలీ చేయించొచ్చు, ఎరికా కేన్ కూతుర్ని ఎక్కడికి పంపుతావు? తల్లి ఒప్పుకోదు, ఏడుస్తుంది, అలుగుతుంది, మళ్లీ వచ్చి కూతుర్ని వాటేసుకుంటుంది. మధ్యాహ్నం భోజనం చేసి టీవీ ముందు కూర్చున్న తల్లులందరూ ఆ తల్లిలో తమను చూసుకున్నారు. ఆ పాత్ర వేసిన ఈడెన్ రీగల్‌కి 2005లో డేటైమ్ ఎమ్మీ కూడా వచ్చింది. అనవసరంగా జనం ఒక పిల్లను ప్రేమించేశారు. అందుకే అంటున్నాను, ఇంటి పిల్ల జోలికి పోవద్దు.

ఇక వాడికి పని ఏమిటి? ఇతరులకు బుద్ధి చెప్పడం. ఇందులో 1992 నాటి ‘వన్ లైఫ్ టు లివ్’ను మించిన పాఠ్యపుస్తకం లేదు. ర్యాన్ ఫిలిప్పి అనే కొత్త కుర్రాడు బిల్లీ డగ్లస్‌గా వచ్చాడు. హైస్కూలు విద్యార్థి. తన సంగతి ఊళ్లో పాదిరీ ఆండ్రూ కార్పెంటర్‌తో చెప్పుకున్నాడు. అంతే, పాదిరీ మీద నింద పడింది, ఊరంతా రెండుగా చీలింది. పాదిరీకీ అతని తండ్రికీ పాత గొడవ ఒకటుంది, ఎయిడ్స్‌తో పోయిన ఇంకో కొడుకు గురించి. ఆ తండ్రీకొడుకులు కలిసిపోయే సన్నివేశానికి ఎయిడ్స్ మృతుల జ్ఞాపకార్థం కుట్టిన బొంతనే ఊళ్లో పరిచారు. నిజం చెప్పాలంటే కళ్లు తడిశాయి. ఇంతకీ కథ ఎవరిది? పాదిరీది, పాదిరీ తండ్రిది, ఊరిది. బిల్లీ మధ్యలో నిలబడి బాధగా చూస్తూ ఉన్నాడు. అందమైన కుర్రాడు కాబట్టి చూడ్డానికి బాగుంది.

ఇప్పుడు అసలు చిక్కు, ముద్దు. మన తెలుగు సీరియల్లో చెంపదెబ్బ తెలుసుగా? ఒక్క దెబ్బను మూడు వైపుల నుంచి మూడుసార్లు కొట్టించి, ఉరుము చప్పుడు కలిపి, ఇంట్లో ఉన్న ప్రతివాళ్ల మొహం మీదికీ కెమెరాను దూకిస్తారు. గే ముద్దుకు సరిగ్గా దీనికి తలకిందులు చెయ్యాలి. ఒక్కసారి, దూరం నుంచి, వీలైతే ఫోను మోగుతుండగా.

‘యాజ్ ది వరల్డ్ టర్న్స్’లో ల్యూక్ స్నైడర్, నోవా మేయర్ 2007 ఆగస్టు 17న ముద్దు పెట్టుకున్నారు. అమెరికా మధ్యాహ్నం టీవీలో ఇద్దరు మగవాళ్ల మధ్య అదే మొదటి ముద్దు. పత్రికల్లో వచ్చింది, చప్పట్లు పడ్డాయి. అక్కడితో ఆగాలి కదా! సెప్టెంబరులో ఇంకొకటి జరిగింది. అప్పుడు మేలుకున్నారు. ఆ తర్వాత 2008 ఏప్రిల్ దాకా మళ్లీ ముద్దు లేదు. ఆ ఏడు నెలలూ ప్రేమికుల జంటను ఎలా నడిపించారో గమనించు, ఇదీ పనితనమంటే. నోవా తండ్రి మిలిటరీ కల్నల్, ల్యూక్‌ను తుపాకీతో కాల్చాడు. ల్యూక్ కాళ్లు చచ్చుబడ్డాయి, తర్వాత బాగయ్యాయి. ఇరాక్ నుంచి వచ్చిన అమ్మాయిని దేశం నుంచి పంపేయకుండా కాపాడటానికి నోవా ఆమెను పెళ్లాడే ట్రాక్ కూడా ఆ జంటకే రాసిపెట్టారు. తుపాకీ ఉండొచ్చు, పక్షవాతం ఉండొచ్చు, దొంగపెళ్లి ఉండొచ్చు. పెదవులు కలవడమే కుటుంబసమేతంగా చూడలేని దృశ్యం.

క్రిస్మస్ సన్నివేశం నువ్వు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవాలి. అక్కడ పండక్కి మిసిల్‌టో అనే కొమ్మను పైన వేలాడదీస్తారు, దాని కింద నిలబడ్డ జంట ముద్దు పెట్టుకోవాలని ఆనవాయితీ. ల్యూక్, నోవా ఆ కొమ్మ కింద నిలబడ్డారు. దగ్గరికి జరిగారు. ఇంకా దగ్గరికి జరిగారు. కెమెరా మెల్లిగా పైకి లేచి కొమ్మ మీద నిలబడింది! పండక్కి ఎంత పచ్చగా ఉందో చూపించింది. అభిమానులు రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. వాళ్ల గొడవ నీకెందుకు? ఆ సీరియల్ తీసింది సబ్బులూ టూత్‌పేస్టులూ అమ్మే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్లు. 2008లో ముద్దులు మళ్లీ మొదలవగానే అమెరికన్ ఫ్యామిలీ అసోసియేషన్ అనే సంస్థ ఆ కంపెనీ మీద బహిష్కరణ పిలుపునిచ్చింది. మరి కొమ్మను చూపించిన రోజున ఎవరూ సబ్బు మానేస్తామనలేదే!

ప్రేమికుల ముద్దు లేకుండా కథ నడపాలనుకుంటే ‘గైడింగ్ లైట్’ను చూడు. 1937లో రేడియోలో మొదలైన పెద్ద ముత్తయిదువ అది. 2009లో ఒలీవియా, నటాలియా అనే ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథ నడిపింది. వాళ్లిద్దరి మధ్య బంధం ఎలా మొదలైందనుకున్నావు? నటాలియా భర్త గస్ పోతే అతని గుండెను తెచ్చి ఒలీవియాకు అమర్చారు. ఇంతకంటే మంచి సంబంధం ఎవరు కుదర్చగలరు? నెలల తరబడి చూపులు, కన్నీళ్లు, నుదుటి మీద ముద్దులు. ఇక పెదవుల దాకా వస్తారేమోనని జనం ఊపిరి బిగబట్టిన వేళ, నటాలియాకు ఫ్రాంక్ అనే మగవాడి వల్ల కడుపొచ్చింది. ఊరొదిలి వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి సీరియల్‌కే నూకలు చెల్లాయి, సెప్టెంబరు 18న చివరి ఎపిసోడ్. డెబ్బై రెండేళ్ల సీరియల్, ఆ ఇద్దరి ప్రేమముద్దుకు వేళ కుదరలేదు.

కడుపు మాట వచ్చింది కాబట్టి ఇదీ రాసుకో: ప్రేమ లేకపోయినా పిల్ల ఉండాలి. ‘వన్ లైఫ్ టు లివ్’లో ఆలివర్ ఫిష్ అనే పోలీసు తాను గే అని ఒప్పుకోవడానికి నానా యాతన పడ్డాడు. ఒప్పుకున్నాక ఒక అమ్మాయికి పుట్టిన బిడ్డ అతనిదని తేలింది. ‘డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’లో విల్ హోర్టన్‌కూ అదే యోగం, గాబీ కడుపున కూతురు. బియాంకా విషయంలో మరీ దారుణానికి ఒడిగట్టారు. 2003 ఏప్రిల్‌లో లీనా అనే అమ్మాయితో ఆమెకు ముద్దు రాసిన చేతులే ఆ వేసవిలో ఆమె మీద అత్యాచారం రాశాయి. బిడ్డ పుట్టింది, ఆ బిడ్డను కూడా మార్చేశారు. ఇక్కడ నాకు కూడా నవ్వు రాదు. కానీ ఇదీ ఒక దారే కాబట్టి నీ ఫైల్లో ఉండాలి.

ఎప్పుడో ఒకప్పుడు పెళ్లి చెయ్యక తప్పదు. చెయ్యి. పెళ్లి కంటే ముందు ప్రెస్ నోట్ రాయించు, ‘చరిత్రలో తొలిసారి’ అని పైన పెద్దక్షరాల్లో. ఈ మాటకు కాలదోషం లేదు. తొలి లెస్బియన్, తొలి గే, తొలి ముద్దు, తొలి పెళ్లి, తొలి పడకగది, దేనికి అది తొలే. రెండోసారి జరిగిన దాన్ని ఎవరూ వార్త రాయరు, అందుకే రెండోసారి జరగనివ్వకూడదు. బియాంకాకు 2009 ఫిబ్రవరిలో రీస్‌తో పెళ్లి చేశారు, తొలి పెళ్లే. కానీ పెళ్లికూతురు రీస్ పెళ్లికి ముందే వెళ్లి బియాంకా బావ జాక్‌ను ముద్దు పెట్టుకుంది. ఆడపిల్లల పెళ్లిలో కూడా మగవాడు అన్యాయమైపోకుండా చూసుకున్న రచయితకు దణ్ణం పెట్టాలి. సంసారం నిలవలేదు.

ఇక వదిలించుకోవడం. తేలికైనది, నిశ్శబ్దంగా ఆపేయడం. 1977లోనే ‘ది యంగ్ అండ్ ది రెస్ట్‌లెస్’ వాళ్లు కేథరిన్ చాన్సెలర్‌కీ జోఆన్ అనే స్నేహితురాలికీ మధ్య ఏదో మొలకెత్తేలా రాసి, ప్రేక్షకులు మొహం చిట్లించగానే పీకేశారు. ‘వన్ లైఫ్ టు లివ్’లో ఫిష్, అతని ప్రియుడు కైల్ కథ కూడా అంతే. 2009 డిసెంబరు 30న మధ్యాహ్నం టీవీలో ఇద్దరు మగవాళ్ల తొలి శృంగార సన్నివేశం, 2010 వసంతానికి ఇద్దరూ ఊళ్లో లేరు. వాళ్లను పంపితే సీరియల్ గట్టెక్కుతుందనుకున్నట్టున్నారు. 2012 జనవరిలో ఏబీసీ ఆ సీరియల్‌నే పంపేసింది.

ఆపలేనంతగా జనం ఇష్టపడితే చంపడమే మార్గం. ‘యాజ్ ది వరల్డ్ టర్న్స్’లో ల్యూక్‌కు నోవా తర్వాత రీడ్ ఆలివర్ అనే సర్జన్ దొరికాడు. గర్విష్ఠి, నోరు దురుసు, తిండిపోతు, చూడగానే నచ్చే మనిషి. పాఠాలు చెప్పడు, ఎవరినీ ఉద్ధరించడు. ఇలాంటివాడు చాలా ప్రమాదం. 2010 సెప్టెంబరులో సీరియల్ ముగియబోతుండగా, క్రిస్ హ్యూస్ అనే రోగికి గుండె సంపాదించే పని మీద వెళుతున్న రీడ్ కారు రైలు పట్టాల మీద ఆగిపోయింది. రైలొచ్చింది. పోయేముందు తన గుండెను క్రిస్‌కే ఇమ్మన్నాడు. గస్ గుండె ఒలీవియాకు పోయిన రెండేళ్ల తర్వాత ఇంకో సీరియల్లో గే డాక్టరు గుండె ఊరి పెద్దింటి కుర్రాడికి చేరింది. చివరి వారంలో చాలామందికి జోడీలు కుదిరాయి, ల్యూక్ ఒంటరిగా మిగిలాడు. ఎక్కడా లెక్క తప్పలేదు.

చంపినంత మాత్రాన పని అయిపోయిందని మాత్రం చేతులు దులుపుకోకు. ‘డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ విల్ హోర్టన్‌ను చూడు. 2014లో సానీ అనే అబ్బాయితో పెళ్లి, ఇద్దరు మగవాళ్ల తొలి పెళ్లి. 2015లో మెడటైతో గొంతు బిగించే హంతకుడు వచ్చి విల్‌ను చంపాడు. జనం ఊరుకోలేదు. 2017లో బతికించాల్సి వచ్చింది. కానీ రచయితలు తెలివైనవాళ్లు, గతం గుర్తులేకుండా బతికించారు. పెళ్లి గుర్తులేదు, మొగుడు గుర్తులేడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టొచ్చు: ఎవడో కొత్తవాడు, మెల్లిగా అనుమానం, దూరం నుంచి ఒక ముద్దు. ప్రెస్ నోట్ కొత్తది రాయించనక్కర్లేదు, పాతదాని మీద తారీఖు మార్చితే చాలు.