బరాత్ గుర్రం మోకాలు

పెళ్ళి ఊరేగింపుల్లో తెల్లగా మెరిసే ఈ గుర్రం పుట్టినప్పుడు నల్లటి పిల్ల. గ్రే రకం గుర్రాలంతే, ఏటేటా తెల్లబడతాయి. నల్లగా ఉన్నన్నాళ్ళూ మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తింది, తెల్లబడ్డాక పెళ్ళికొడుకులను మోస్తోంది. రేసుల్లో ఉన్న పేరు అక్కడే పోయింది. తర్వాత కొన్నవాళ్ళంతా ‘ఈ గుర్రం’ అనే అన్నారు కాబట్టి, అదీ తన సంగతి అలాగే చెప్పుకుంటోంది.

ముందుకాలికి మోకాలని మనుషులనేది గుర్రానికి నిజానికి మణికట్టు. రెండు వరసల్లో ఏడెనిమిది చిన్న ఎముకలు, మూడు కీళ్ళు. ఒంటిబరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీదే పడుతుంది. దౌడులో అలసిన కాలు నేలను తాకితే ఆ కీలు వెనక్కి వంగిపోయి, ముందువైపు ఎముకల అంచులు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అలాగే మూడో ఏట ఈ గుర్రం కుడి మోకాలిలో ఒక పెచ్చు ఊడింది. కీలులోకి సన్నటి కెమెరా గొట్టం దూర్చి దాన్ని తీసేశారు. నెలల తరబడి విశ్రాంతి తర్వాత మళ్ళీ పరుగెత్తింది. గెలుపుల సంగతి అడక్కండి. గేటు దగ్గర మాత్రం ఒక్కసారీ మొరాయించలేదు.

అసలు బాధ అమ్మేశాక మొదలైంది.

కొత్త యజమాని షెడ్డులో సిమెంటు నేల, పైన పిడికెడు గడ్డి. గుర్రాలు నిలబడే నిద్రపోతాయని ఆయన ఎక్కడో విన్నాడు. కునుకు వరకూ నిజమే, గాఢనిద్రకు మాత్రం నడుం వాల్చాల్సిందే. పడుకున్నప్పుడల్లా, లేచినప్పుడల్లా మోకాలు సిమెంటుకు ఒరుసుకుంది. కొన్నాళ్ళకు చర్మం కింద నీరు చేరి, నిమ్మకాయంత మెత్తటి బుడిపె లేచింది. నొప్పి లేదు, కుంటడమూ లేదు.

దాణా ఎక్కువైందని తేల్చాడాయన. మోకాలికీ బోడిగుండుకీ ముడి అంటే ఇదే! దాణా కోసేశాడు, పసుపు పట్టించాడు, ఎవరో చెప్పారని వాత పెట్టడానికి కడ్డీ కూడా కాల్చాడు. వాతతో మచ్చ మిగలడమే గానీ బుడిపె కరగదు. గుర్రాన్ని చూసుకునే సయీసు అడ్డుపడబట్టి బతికిపోయింది. ఆఖరికి బుడిపె మీద జరీ పట్టీ చుట్టి బరాత్‌కు తోలాడు. తారురోడ్డు మీద గంటల తరబడి నిలబాటు, చెవుల పక్కనే బ్యాండు. ఫోటోల్లో పట్టీ బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

పశువుల డాక్టరమ్మ వచ్చి ముందు నడిపించి చూసింది, తర్వాత కాలు మడిచింది. గుర్రం పూర్తిగా మడవనిచ్చింది. కీలు లోపల నీరు పడితే మడవనివ్వడం కష్టం.

“సూదితో లాగెయ్యండి డాక్టరమ్మా, ఎల్లుండే పెళ్ళి ఆర్డరుంది.”

“లాగినా మళ్ళీ నిండుతుందండీ. సూది వెంట క్రిములు వెళ్ళాయంటే ఈ బుడిపే నయమనిపిస్తుంది. ముందు నేల సంగతి చూడండి.”

నొప్పి మాత్రలతో పని చేయించొద్దంది, నొప్పి తెలియక కాలు ఇంకా పాడవుతుంది కాబట్టి. మోకాలు వేడెక్కితే పూటకు 20 నిమిషాలు పైపుతో చన్నీళ్ళు పట్టమంది. కట్టు కడితే వెనక పొడుచుకొచ్చే ఎముకను ఒత్తకూడదంది. కీలు దగ్గర గాయమై, గుర్రం కాలు మోపకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఫోను చెయ్యమంది. చీము పట్టిన కీలు కొద్ది రోజుల్లోనే పనికిరాకుండా పోతుంది.

రబ్బరు చాపలొచ్చాయి, వాటి మీద మందంగా గడ్డి కూడా. బుడిపె సగానికి తగ్గింది. పాతబడి దాని గోడ దళసరెక్కిందట, పూర్తిగా పోదట. చాపల ఖర్చు యజమాని ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. మాఘమాసం ముహూర్తాలు రాగానే జరీ పట్టీ మళ్ళీ బయటికి తీశాడు. సయీసు దాన్ని మెడకు కట్టాడు.