ఊరికే అన్నాడు, పాపం!

ఆడవాళ్లను చెరుస్తామన్నా, పిల్లల్ని చంపుతామన్నా ఒక్క మాటతో మాఫీ అయిపోయే వెసులుబాటు మన దగ్గర ఉంది: "ఊరికే అన్నాడు లెండి!" షరతల్లా ఒకటే, ఆ మాట పడేవాళ్లకు కాస్త పేరుండాలి. పక్కింటి గేటు ముందు నిలబడి అంటే వీధి వీధంతా చెప్పు తీస్తుంది. అదే మాట నటికి పంపితే అభిమానం, క్రికెటర్‌కు పంపితే దేశభక్తి, మంత్రికి పంపితే ప్రజాస్వామ్యం.

వెనకటి ఆకాశరామన్న ఎంత శ్రమజీవి! దస్తూరీ దొరక్కుండా ఎడమచేత్తో రాయాలి, స్టాంపు సొంత డబ్బుతో కొనాలి, పక్కూరెళ్లి డబ్బాలో వేయాలి. సగం కోపం దారిలోనే చల్లారేది. ఇప్పటి వారసుడు మంచం కూడా దిగనక్కర్లేదు. తన ముఖం బదులు హీరోగారి ఫొటో పెట్టుకుని, పేరు చివర నాలుగంకెలు తగిలిస్తే వీరుడు తయారు.

2020 జూన్‌లో నటి మీరా చోప్రా ట్విట్టర్‌లో ఘోరాపరాధం చేసింది. తాను జూనియర్ ఎన్టీఆర్ అభిమానిని కానని, మహేశ్ బాబు ఇష్టమని చెప్పింది. హీరో పరువు కాపాడ్డానికి బయల్దేరిన సేన ఆమెకు అత్యాచార బెదిరింపులు పంపింది. చివరికి హైదరాబాద్ పోలీసులు కేసు పెట్టాల్సి వచ్చింది. ఇంతకీ ఆ పరువు తీసిందెవరు? ఇష్టం లేదన్న నటా, ఇష్టం పేరుతో ఆ రాతలు రాసినవాళ్లా?

మరుసటేడాది అక్టోబరులో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో మనవాళ్లు పది వికెట్ల తేడాతో ఓడారు. మహమ్మద్ షమీని మతం పేరుతో తిట్టిపోశారు. కెప్టెన్ కోహ్లీ అతని పక్షాన నిలిచాడు. దాని వెంటే, ఏడాదైనా నిండని కోహ్లీ కూతురి మీద అత్యాచార బెదిరింపు వచ్చింది. ఇది సరిహద్దు అవతలివాళ్ల పనేనని కొందరు తేల్చేశారు. నవంబరులో ముంబై పోలీసులు నిందితుడిగా పట్టుకెళ్లింది మాత్రం హైదరాబాద్‌కు చెందిన సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ని. 2023 ఏప్రిల్‌లో కోహ్లీ మేనేజరు అభ్యంతరం లేదనడంతో బాంబే హైకోర్టు ఆ కేసు కొట్టేసింది.

క్షమించడం బాధితుల పెద్దమనసు. మనకెందుకో ప్రతి కేసులోనూ పోలీసు జీపు కనబడ్డాకే నిందితుడి భవిష్యత్తు గుర్తొస్తుంది. "బాగా చదువుకున్న పిల్లాడండీ" అని సానుభూతి పొంగుతుంది. చదువుకున్నాడు కాబట్టే కదా అక్షరదోషం లేకుండా బెదిరించగలిగాడు!

"అన్నవాడు చేస్తాడా ఏంటి?" అన్నది తర్వాతి వాదం. అమెరికాలో పార్క్ డీట్జ్ బృందం హాలీవుడ్ తారలకు వచ్చిన ఉత్తరాలను పరిశీలించి 1991లో ఫలితాలు ప్రచురించింది. ఉత్తరంలో బెదిరింపు ఉండటానికీ, రాసినవాడు తారను వెతుక్కుంటూ రావడానికీ సంబంధం కనబడలేదు. అంటే బెదిరించినవాడు రాకపోవచ్చు, ప్రేమలేఖ రాసినవాడు గుమ్మంలో నిలబడొచ్చు. వీళ్లలో ఎవడు ఊరికే అన్నాడో, ఎవడు వస్తాడో ఆ ఇంటివాళ్లు ఉత్తరం చూసి చెప్పలేరు. కాబట్టి అన్నవాడు హాయిగా నిద్రపోతాడు, చదివినవాళ్లు తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటారు.

"మరి భావప్రకటన స్వేచ్ఛో?" నిక్షేపంలా ఉంది. చికాకు పుట్టించే పోస్టుకు కూడా జైలు చూపించిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. సినిమా చెత్తగా ఉంటే చెత్త అనండి. కెప్టెన్ తప్పు చేస్తే కడిగేయండి. మంత్రి మాట తప్పితే నిలదీయండి. వీటిలో దేనికీ ఎవరింటి పాపాయీ అవసరం లేదు.

ముసుగుందిగా అనుకునే వీరులకు చివరిమాట. పేరు దాచి బెదిరించేవాళ్లను 1860 నాటి శిక్షాస్మృతే విడిగా లెక్కగట్టింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కూడా అంతే: బెదిరింపుకు పడే శిక్ష పడనే పడుతుంది, పేరు దాచినందుకు మరో రెండేళ్ల దాకా అదనం. జడ్జిగారు ఊరికే వేశారనుకుని అనుభవించడమే!