షెడ్డు మనది, చెమట మేస్త్రిది

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఈమధ్య ఒక కొత్త తెగ బయల్దేరింది. గేదెల్ని అమ్మేశాక ఖాళీ పడ్డ కొట్టానికి రేకులు మార్పించి, ట్యూబులైటు వేయించి, గోడకి స్పానర్లు వరసగా తగిలించి దానికి ‘గ్యారేజీ’ అని నామకరణం చేస్తారు. మధ్యలో ఇటుకల మీద ఒక అంబాసిడర్. పక్కన యజమాని. “మొత్తం నేనే చేశానండీ, ఇంట్లోనే” అంటాడు.

గోడ వైపు ఒక్కసారి చూడండి. స్పానర్లన్నీ మిల్లీమీటర్ల సైజులు. పాత అంబాసిడర్ ఇంజను నట్లేమో అంగుళాల లెక్కవి. ఈయన ఒక్క నట్టయినా విప్పి ఉంటే ఆ సంగతి మొదటి రోజే తెలిసేది. పనికొచ్చే స్పానర్లు మేస్త్రి గోతాంలో ఉంటాయి, సాయంత్రానికి ఆయనతోపాటే వెళ్ళిపోతాయి.

మరి ఈయన చేసిందేమిటంటే, లైటు పట్టుకున్నాడు. అదీ సెల్‌ఫోను లైటు. మిగతా వేళల్లో అదే ఫోనుతో వీడియో. ఇంజను బ్లాకు బోరింగు కోసం లేత్ షాపుకి వెళ్ళొచ్చింది. రేడియేటరు సోల్డరింగు పనివాడి దగ్గరికి, సీట్లు రెగ్జిన్ కుట్టే ఆయన దగ్గరికి వెళ్ళొచ్చాయి. సామాను కోసం కుర్రాడు విజయవాడ ఆటోనగర్ చుట్టూ తిరిగాడు. ఇల్లు కదలనివాడు యజమాని ఒక్కడే. అందుకే కాబోలు ‘ఇంట్లోనే చేశా’ అని అంత ధీమాగా చెబుతాడు.

వీడియోల్లో మేస్త్రి కూడా ఉంటాడు, మణికట్టు దాకా. గోళ్ళ సందుల్లో నల్ల గ్రీజు ఉన్న చెయ్యి ఒకటి ఫ్రేములోకి వచ్చి, కార్బొరేటరు జెట్టు ఊది, బిగించి వెళ్ళిపోతుంది. పైన తలకాయ ఎక్కడా కనపడదు. తల యజమానిది, కూలింగ్ గ్లాసులతో సహా.

అసలు కథ తలుపుల కింద ఉంది. అంబాసిడర్‌కి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా తెచ్చుకుని హిందుస్థాన్ మోటార్స్ వారు 2014 దాకా ఉత్తరపారలో చేసిన ఈ బండికి బాడీయే ఎముకల గూడు. తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పోయే పెట్టెలాంటి రేకు బరువు మోస్తుంది. దాని అడుగున నీళ్ళు కారడానికి చిన్న చిల్లులుంటాయి. అవి మట్టితోనో, అడుగున కొట్టించిన తారుతోనో మూసుకుపోతే తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. సూర్యలంక, నిజాంపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఆ పని మరీ సుళువు. పైకి మాత్రం రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

మేస్త్రి స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తాడు. అది పిడి దాకా దిగుతుంది. “సార్, ఇదంతా కోసి కొత్త రేకు అతకాలి” అంటాడు. “ఉగాదికి బయటికి తియ్యాలి మేస్త్రీ, పుట్టీ పెట్టెయ్” అంటాడు సారు. పుట్టీ పెడతారు. పుట్టీకి చెమ్మ పీల్చే గుణం ఉంది. కార్తీకం వచ్చేసరికి రంగు పొక్కులు లేస్తుంది. “వింటేజి లుక్కండీ” అంటాడు.

తెనాలి, రేపల్లె దారిలోనే భట్టిప్రోలు ఉంది. అక్కడి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే బ్రాహ్మీ అక్షరాలున్న రాతి భరిణెలు బయటపడ్డాయి. అక్షరాలు సరిగా లేవని ఆయన మళ్ళీ చెక్కించలేదు. ఈ సార్లలో ఒక్కరు అప్పుడక్కడ ఉండుంటే భరిణెలకి మెటాలిక్ పెయింటు పడేది.

ఇక ‘ఒరిజినల్’ ముచ్చట. బండి 1979 తర్వాతి మార్క్ 4. ముందు తగిలించింది 1962 నాటి మార్క్ 2 గళ్ళ గ్రిల్లు. మనుషులు జుట్టుకి రంగేసి వయసు దాచుకుంటుంటే, ఈయన కారుకి వయసు పెంచుతాడు. బానెట్ కింద పెట్రోలు ఇంజను ఉండాల్సిన చోట డీజిలుది గడగడమంటుంటుంది. “ఇందులో జగ్గయ్య గారు ఎక్కారండీ” అని ఒకరు, “మాది గుమ్మడి గారు ఎక్కిన బండి” అని ఇంకొకరు. ఈ షెడ్లన్నిట్లోని కార్లూ నిజంగా ఎక్కి ఉంటే ఆ మహానుభావులకి సినిమాల్లో నటించే తీరిక ఎక్కడిది?

2021లో కేంద్రం వింటేజి వాహనాలకి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషనుకి 50 ఏళ్ళు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు కడితే నంబరులో ‘వీఏ’ అక్షరాలొస్తాయి. ఆ బండి ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోజూ రోడ్డెక్కకూడదు. వ్యాపారానికి అసలే వాడకూడదు. ఈ కబురు చెబితే మన సారు మొహం మాడిపోతుంది. ఆయన లెక్కంతా పెళ్ళిళ్ళ సీజను అద్దె మీదే కదా. మర్నాటి నుంచి కారుకి చడీచప్పుడు లేకుండా వయసు తగ్గిపోతుంది.

అదే తెనాలిలో సూర్య శిల్పశాల ఉంది. వాళ్ళూ పాత బండ్ల తుక్కే తెస్తారు. నట్లు, చెయిన్లు, గేరు చక్రాలు అతికి విగ్రహాలు నిలబెడతారు. 2021లో మోదీ విగ్రహం కూడా అలాగే చేశారు. తుక్కుని తుక్కని చెప్పి తెచ్చుకుంటారు, చేసిన చేతుల పేరు చెబుతారు. నాకు పాత కార్ల మీద పగేమీ లేదు. గేదెల కొట్టంలో కూర్చుని సొంతంగా సైలెన్సరు విప్పి, చేతులు కాల్చుకున్నవాడు కనపడితే ముందుగా దణ్ణం పెట్టేది నేనే.

ఆయన ఎదురయ్యేదాకా జేబులో ఫ్రిజ్జు మీది అయస్కాంతం ఒకటి పెట్టుకుని వెళ్ళండి. “మొత్తం రేకేనా సార్?” అంటూ తలుపు కింద ఆనించండి. అంటుకోకుండా కింద పడితే సారు చూపు మళ్ళించడానికి “స్టార్ట్ చేసి చూపిస్తా రండి” అంటాడు. సెల్ఫు తిరుగుతుంది, ఇంజను దగ్గుతుంది, ఆగిపోతుంది. మళ్ళీ తిరుగుతుంది. మూడోసారికి సారు కిందకి దిగి, బానెట్ ఎత్తకుండానే ఫోను చెవికి పెట్టుకుని బాదం చెట్టు వైపు నడుస్తాడు.

“మేస్త్రీ, ఎక్కడున్నావ్?”