బటన్ సూత్రాలకు భాష్యకారులు కావలెను

ఆన్‌లైన్ పాఠాల పోర్టల్‌లో పాఠాలూ ప్రశ్నలూ టైపు చేసే ఎడిటర్ కొరుకుడు పడటం లేదని లెక్చరర్లు మొరపెట్టుకుంటే, ఒక విశ్వవిద్యాలయం పెద్దలు ఇచ్చిన జవాబు వినండి. యూజర్ గైడ్ ఉంది కదా, చదువుకోండి అన్నారు. ఆ గైడ్‌ను మెరుగుపరచడానికి కమిటీ కూడా వేస్తారట. సరేనని నేనూ తెరిచి చదివాను.

‘బోల్డ్ బటన్: అక్షరాలను బోల్డ్ చేయుటకు ఉపయోగించవలెను.’ ‘లింక్ బటన్: లింక్ ఇచ్చుటకు.’ ‘ఈక్వేషన్ ఎడిటర్: ఈక్వేషన్లను ఎడిట్ చేయుటకు.’ చివరిదాకా ఇదే వరస.

తెలియనివాళ్ళు దీన్ని బద్ధకం అంటారు. నేను అద్వైతం అంటాను. బటన్ వేరు, దాని వివరణ వేరు అనుకోవడమే కదా అజ్ఞానం! నొక్కేవాడూ, నొక్కబడేదీ, నొక్కాక ఏమీ జరగకపోవడమూ ఒక్కటేనన్న ఎరుక కలిగిన లెక్చరర్ ఇక హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చెయ్యడు. చేసినా ఎవరూ ఎత్తరన్నది వేరే సంగతి.

మరి గైడ్‌లో ఉన్న బటన్ తెరమీద కనబడకపోతే? టూల్‌బార్‌లో ఏవి ఉండాలో తేల్చేది అడ్మిన్. కాబట్టి ఇక్కడ విశిష్టాద్వైతం వర్తిస్తుంది. బటన్ సత్యమే, దాని దర్శనం మాత్రం అడ్మిన్ కటాక్షం. మెయిల్ పెట్టి శరణాగతి చేయడం తప్ప దారి లేదు.

ద్వైతులకూ లోటు చెయ్యలేదు. మాస్టారు చూసే పేజీ, విద్యార్థి చూసే పేజీ నిత్యం భిన్నాలు. పాత కోర్సులో ఉన్న బొమ్మను కాపీ చేసి కొత్త కోర్సులో అతికిస్తే మాస్టారికి చక్కగా కనిపిస్తుంది, ఆయనకు రెండు కోర్సుల్లోనూ ప్రవేశం ఉంది గనక. పాత కోర్సులో పేరు లేని పిల్లలకు విరిగిన గడి ఒకటి కనిపిస్తుంది. బొమ్మను మళ్ళీ అప్‌లోడ్ చేస్తే సరిపోతుంది. ఆ మాట గైడ్‌లో ఉంటే ద్వైతం దెబ్బతింటుందని కాబోలు, రాయలేదు.

ఇక అవతారాల విషయం. ఈ పోర్టల్ కింద నడిచేది మూడుల్ అనే సాఫ్ట్‌వేర్. అందులో 2014లో అట్టో అనే ఎడిటర్ గద్దెనెక్కింది. తర్వాత టైనీఎంసీఈ కొత్త రూపంలో వచ్చి కూర్చుంది. 2025 ఏప్రిల్‌లో విడుదలైన మూడుల్ 5.0తో అట్టో మూల ప్యాకేజీలోంచే తప్పుకుంది. మన గైడ్‌లో మాత్రం ఇంకా అట్టో బొమ్మలే. అవతారం చాలించిన మూర్తికి నిత్యపూజ ఆగకూడదు మరి. మూడుల్ వాళ్ళు తమ డాక్స్‌ను వికీగా పెట్టి, తప్పుంటే దిద్దండని వాడేవాళ్ళకే అప్పగించారు. అలాంటి అపచారం మన దగ్గర జరగదు.

నిజానికి భాష్యం మనకు కొత్త విద్యా? మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథ సూరి, కాళిదాసు వాక్కు చెడు వ్యాఖ్యానాల విషానికి మూర్ఛపోయిందని, దాన్ని లేపడానికే ‘సంజీవని’ రాస్తున్నానని అన్నాడు. ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని నియమం కూడా పెట్టుకున్నాడు. మన గైడ్ కర్తలు ఆయన్ని మించిపోయారు. అక్కరకొచ్చేది కూడా చెప్పరు.

కాబట్టి కమిటీకి నా మనవి: చిన్నాచితకా సవరణలతో సరిపెట్టకండి, పీఠాలు పెట్టండి. బోల్డ్‌కొకటి, ఇటాలిక్‌కొకటి, పరంపరగా రావాలి. చాతుర్మాస్యంలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు నిషిద్ధం. రహస్య మంత్రాలు ఎలాగూ ఉన్నాయి. వర్డ్‌లోంచి తెచ్చిన పాఠం ఫాంట్లూ రంగులూ వెంటేసుకుని రాకుండా ఉండాలంటే కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కాలి. అను ఫాంట్లలో కొట్టిన ప్రశ్నపత్రాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, లేకపోతే తెలుగు ప్రశ్న ఇంగ్లిష్ అక్షరాల కంగాళీగా దిగుతుంది. డిపార్ట్‌మెంటుకు ఒక్కరికే తెలిసిన విద్యలివి. ఆయన మూడ్ బాగున్నప్పుడు చెవిలో ఉపదేశిస్తాడు. తిరుక్కోష్టియూరులో గోపురమెక్కి మంత్రాన్ని ఊరందరికీ చెప్పేసిన రామానుజులవారు ఇక్కడుంటే షోకాజ్ నోటీసు అందుకునేవారు.

గైడ్‌లో ఇంకొక సూత్రం ఉంది. ‘ఇమేజ్ వివరణ: ఇక్కడ వివరణ రాయవలెను. అలంకార చిత్రమైనచో టిక్ చేయవలెను.’

ఈ సూత్రం దగ్గర నాకు వేదాంతం నిండుకుంది. బొమ్మ పెట్టినప్పుడు వివరణ రాయాలి, లేదా ‘అలంకారానికి మాత్రమే’ అన్న గడిలో టిక్ పెట్టాలి. రెంటిలో ఒకటి చెయ్యనిదే ఎడిటర్ ముందుకు పోనివ్వదు. ఎందుకో గైడ్ చెప్పదు. తెల్లారితే పరీక్ష, ఇంకా నలభై ప్రశ్నలు ఎక్కించాలి. మాస్టారు టిక్ పెట్టేస్తారు, ఎవరైనా అదే చేస్తారు.

టిక్ పడిన బొమ్మను స్క్రీన్ రీడర్ చదవదు. అక్కడ బొమ్మ ఉందని కూడా చెప్పదు. చూపులేని అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పరీక్ష రాస్తుంటే ‘పై గ్రాఫ్‌ను బట్టి జవాబు రాయండి’ అని వినిపిస్తుంది. ఏ గ్రాఫ్? మళ్ళీ వెనక్కి వెళ్తుంది, మళ్ళీ వింటుంది. గడియారం ఆగదు. తనే ఏదో తప్పు నొక్కానేమో అనుకుంటుంది. మార్కులు పోతే చదవలేదంటారు. వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. ఎడిటర్ రాసినవాళ్ళు ఆ అమ్మాయి గురించి ఆలోచించే అక్కడ గడి పెట్టారు. గైడ్ రాసినవాళ్ళకు ఆ గడి ఎందుకో కనుక్కునే తీరిక దొరకలేదు, గడి మీదున్న అక్షరాల్నే ఎత్తి గడి పక్కన అచ్చేశారు. ఇప్పుడు లెక్చరర్లు చదవరని నిందిస్తున్నారు. చదివితే ఏముందయ్యా అందులో?

కమిటీ కూర్చునేలోపు ఈ రెండు వాక్యాలు ఆ పేజీలో అతికించండి. నా పేరు వెయ్యక్కర్లేదు: ‘ఈ బొమ్మ చూడకుండా ప్రశ్నకు జవాబు రాయలేరంటే అలంకారం గడిలో టిక్ పెట్టకండి. చూపులేని విద్యార్థి వింటారు, బొమ్మలో ఏముందో నాలుగు మాటల్లో రాయండి.’