భుజం మార్చుకోడానికి అనుమతి కావలెను

విమానంలో మంచినీళ్లందించే అమ్మాయి వరసగా ఎన్ని గంటలు పనిచెయ్యొచ్చో ఢిల్లీలో ఒక రూలుంది. దిగాక ఎన్ని గంటలు పడుకోవాలో ఇంకో రూలుంది. ప్రయాణికుడు నోరు పారేసుకుంటే ఏం చెయ్యాలో దానికీ ఉంది. ఆ రూళ్లు సిబ్బందికి గుర్తుచెయ్యడం యూనియన్ల పని. డ్యూటీ గంటలు రాసిపెట్టుకో, ఒంట్లో బాగోకపోతే నోటిమాటగా కాదు కాగితం మీద చెప్పు, సంజాయిషీ అడిగితే ఒంటరిగా వెళ్లకు, మనవాళ్లని వెంటబెట్టుకెళ్లు. బంగారంలాంటి మాటలు. ఇంత మంచి మాటలు మబ్బుల్లోనే ఆగిపోవడం న్యాయం కాదనిపించి, తూర్పు కనుమల్లో తరతరాలుగా సర్వీసు నడుపుతున్న మరో ఎయిర్‌లైన్స్ సిబ్బందికి కూడా వీటిని వర్తింపజేద్దామని ఈ వారం పూనుకున్నాం.

ఆ ఎయిర్‌లైన్స్ పేరు డోలీ.

దీనికి రన్‌వే అక్కర్లేదు. అసలు రోడ్డే అక్కర్లేదు. రోడ్డుంటే ఈ సర్వీసే ఉండదు. అనంతగిరి మండలంలో రొంపల్లి, పినకోట పంచాయతీల కొండశిఖర గ్రామాల్ని అడగండి, రూటు మ్యాపు వాళ్ల పాదాల్లో ఉంటుంది. విమానం తయారీకి కావాల్సినవి గట్టి కర్ర ఒకటి, దుప్పటి ఒకటి. దుప్పటి రెండు కొసలూ కర్రకి బిగించి ముడేస్తారు. ముడి నిలుస్తుందో లేదో ముందు ఓ కుర్రాడు వేలాడి చూస్తాడు. ఇంజినీరింగ్ తనిఖీ అయిపోయినట్టే. నెప్పులు పడుతున్న మనిషిని పక్కకి ఒత్తిగిల్లించి పడుకోబెడతారు. ముందొకడు, వెనకొకడు, భుజం మార్పుకి పక్కన ఇద్దరు. కొండ దిగేటప్పుడు ముందు పొడుగువాడుండాలి, ఎక్కేటప్పుడు వెనక పొడుగువాడుండాలి, లేకపోతే మనిషి ఒకవైపుకి జారిపోతుంది. సంస్థకి ఉన్న ఆపరేషన్స్ మాన్యువల్ మొత్తం ఇంతే. గెడ్డ దాటేటప్పుడు మాత్రం కాస్త కుదుపులుంటాయి. ఎమర్జెన్సీ లైట్లంటే సెల్‌ఫోన్ టార్చి, అది కూడా చార్జింగ్ ఉంటే.

ఇదంతా జరుగుతున్న కొండల పక్కనుంచే కిరండూల్ రైలు వెళ్తుంది. 2017లో దానికి అద్దాల పెట్టె తగిలించారు. తిరిగే కుర్చీల్లో కూచుని, సొరంగం వచ్చినప్పుడల్లా కేకలేస్తూ అరకు అందాలు చూసి తరించొచ్చు. మా ఎయిర్‌లైన్స్‌కి ఆ కిటికీలోంచి కనపడే భాగ్యం లేదు. మాదంతా కొండకి అవతలివైపు నెట్‌వర్క్.

ముందు డ్యూటీ గంటల సంగతి చూద్దాం. 2025లో పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలు చేశారు. డిసెంబరు మొదటి వారానికల్లా ఇండిగో విమానాలు వేల లెక్కన రద్దయ్యాయి. విశాఖతో సహా ఊరూరా విమానాశ్రయాల్లో జనం సూట్‌కేసులు పట్టుకుని నిలబడిపోయారు. విమానయాన మంత్రిది మన శ్రీకాకుళమే. ఆయన పార్లమెంటులో నిలబడి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇండిగోకి కొత్త రూళ్లలో తాత్కాలికంగా సడలింపులిచ్చి గండం గట్టెక్కించింది. పైలట్ కంటినిండా నిద్రపోతే దేశం ఆగిపోతుందని ఆ వారం రుజువైంది. డోలీ మోసేవాడు నిద్రపోతే దేశమేం ఆగదు. ఒక్క గర్భిణి ఆగుతుంది.

కాబట్టి సిబ్బందికి మా సలహా: ఎన్ని గంటలు మోశారో రాసిపెట్టుకోండి. ఎన్ని గంటలంటే ఏం చెబుతారో కూడా మాకు తెలుసు. "కోడి కూసినప్పుడు ఎత్తినాం బాబూ, సంత సర్దుకునే ఏళకి దించినాం." ఇలా చెబితే డీజీసీఏ ఒప్పుకోదు. కోడి ఏ టైమ్ జోన్‌లో కూసిందో కూడా రాయాలి.

గర్భం విషయంలో ఆకాశానికీ కొండకీ పాత చుట్టరికముంది. ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు ఎయిర్‌హోస్టెస్ మొదటిసారి నెల తప్పితే ఉద్యోగం తప్పేది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా అంతే. లేదంటే 35 ఏళ్లకి ఇంటికి. ఆ తర్వాత కొనసాగించాలా వద్దా అన్నది మేనేజింగ్ డైరెక్టరు గారి దయ. నర్గేశ్ మీర్జా, ఆమె తోటివాళ్లూ కోర్టుకెక్కారు. 1981లో సుప్రీంకోర్టు గర్భం నిబంధనని కొట్టేసింది, డైరెక్టరు గారి దయనీ కొట్టేసింది. నాలుగేళ్ల పెళ్లి నిబంధనని మాత్రం ఉంచేసింది. కారణాల్లో ఒకటి, కుటుంబ నియంత్రణకి మంచిదట. ఈ దేశ జనాభా ఎయిర్‌హోస్టెస్‌ల చేతుల్లో ఉందని అప్పటిదాకా ఎవరూ అనుమానించలేదు.

డోలీ సర్వీసులో గర్భం అనర్హత కాదు, అదే టికెట్టు.

ఒంటి బరువు విషయంలోనూ మాది ఉదారమైన సంస్థ. 2009లో ఎయిర్ ఇండియా లావెక్కారని కొందరు ఎయిర్‌హోస్టెస్‌లని ఉద్యోగంలోంచే తీసేసింది. 2022లో, టాటాల చేతికొచ్చాక, తెల్లవెంట్రుకలు కనపడకూడదని, బట్టతల వస్తున్న మగవాళ్లు నున్నగా గొరిగించుకోవాలని నియమాలు రాసింది. మా రోస్టరులో లావెక్కినవాడు ఒక్కడూ లేడు. పొద్దున్నే చోడి అంబలి తాగి కొండెక్కేవాడికి ఆ అవకాశం చిక్కదు. ఇక్కడ ఎవరి బరువైనా పెరిగితే అంగన్‌వాడీ టీచరు రిజిస్టర్లో రాసుకుని సంబరపడుతుంది.

రెచ్చిపోయే ప్రయాణికుల మీద 2017లో గట్టి రూళ్లే వచ్చాయి. నోటితో గొడవపడితే మూడు నెలల దాకా, చెయ్యి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్లూ ఆ పైనా విమానం ఎక్కనివ్వరు. డోలీలో మనిషి నెప్పి ఎక్కువై ముందువాడి చొక్కా వెనకనుంచి పట్టుకుని గుంజింది. మొగుణ్ణీ, అతగాడి తాతముత్తాతల్నీ కలిపి కడిగేసింది. పుస్తకం ప్రకారం రెండో రకం నేరం. ఆరు నెలలు నిషేధం వేద్దామంటే, చంటిదాన్నెత్తుకుని ఆవిడ ఇంటికి తిరిగెళ్లాల్సింది కూడా మా సర్వీసులోనే.

ఇక సీనియర్ కేబిన్ సిబ్బంది, అంటే ఆశా కార్యకర్త. డోలీ పక్కనే నడుస్తుంది. చంకలో సంచి, సంచిలో గర్భిణి కార్డు. సిగ్నల్ దొరికే బండరాయి ఏదో ఆవిడకే తెలుసు. అక్కడ ఆగి 108కి ఫోన్ చేసి బండి ఏ మలుపు దాకా రాగలదో కనుక్కుంటుంది. పీహెచ్‌సీలో చూసి అరకు పంపిస్తే అరకు, అక్కణ్ణుంచి కేజీహెచ్ పెద్దాసుపత్రికి రాసేస్తే విశాఖ. కనెక్టింగ్ ఫ్లైట్లన్నీ ఆవిడ నోటిమీదే ఉంటాయి. ఇంత చేసినా చట్టం దృష్టిలో ఆవిడ కార్మికురాలు కాదు. ఇచ్చేది గౌరవ వేతనం, ఆంధ్రాలో 2019 నుంచి నెలకి 10,000 రూపాయలు. ఈ స్కీముల్లో పనిచేసేవాళ్లని కార్మికులుగా గుర్తించమని 2013లోనే 45వ భారత కార్మిక సదస్సు సిఫార్సు చేసింది. ఆ సిఫార్సుని ఏ గెడ్డ ఒడ్డున దించారో, ఇంకా అక్కడే ఉంది.

అయితే ఊరికే కూచోలేదు ఆశాలు. జెండా పట్టుకుని, ఎర్రచీరలు కట్టుకుని, పోలీసు వ్యాన్లెక్కీ దిగీ ఏళ్ల తరబడి అడిగారు. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం మొదటి రెండు కానుపులకి 180 రోజుల జీతంతో కూడిన సెలవు, 62 ఏళ్ల దాకా పని, లక్షన్నర దాకా గ్రాట్యుటీ ప్రకటించింది. ఆశా పథకం పుట్టింది 2005లో. ఊళ్లో కానుపులన్నిటికీ తోడెళ్లే మనిషికి తన కానుపుకి సెలవు దొరకడానికి దాదాపు ఇరవై ఏళ్లు. మేం దీన్ని ఆలస్యం అనం. ఎయిర్‌లైన్స్ భాషలో 'సాంకేతిక కారణాలు' అంటారు.

సమ్మె గురించి చెప్పమని సిబ్బంది అడగలేదుగానీ, మేమే చెబుతాం. 2024 మే నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కేబిన్ సిబ్బందిలో చాలామందికి ఒకేసారి జ్వరాలొచ్చాయి. యాజమాన్యం పోకడ పడక వచ్చిన జ్వరాలవి. విమానాలు పదుల కొద్దీ రద్దయ్యాయి, సంస్థ 25 మందిని తీసేసింది. ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ ఎదుట యూనియన్‌నీ సంస్థనీ కూచోబెట్టారు. పాతిక మందీ వెనక్కొచ్చారు, జ్వరాలూ తగ్గాయి. యూనియన్ ఉంటే ఏమొస్తుందని అడిగేవాళ్లకి చెప్పడానికి ఈ ముక్క చాలు.

ఇప్పుడా కిటుకు కుదరదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సగం మంది, అంతకు మించి కూడబలుక్కుని ఒకేరోజు సెలవు పెడితే అది సమ్మె కిందే లెక్క. సమ్మెకి 14 రోజుల ముందు నోటీసివ్వాలి. మా డోలీకి ఉన్నది నలుగురు. మన్యంలో వానాకాలం మలేరియా ఇద్దరికి తగిలిందంటే సరిగ్గా సగం. అంచేత సిబ్బందికి విజ్ఞప్తి: చలిజ్వరం మొదలవడానికి 14 రోజుల ముందే నోటీసివ్వండి. దోమ సంతకం కూడా ఉంటే మంచిది.

ఇలాంటి చట్టాలు మాకు వర్తించవులే అని ధీమాగా ఉండకండి. మన అంగన్‌వాడీ అక్కలూ అలాగే అనుకున్నారు. 2023 డిసెంబరు 12న సమ్మెకి దిగారు. అప్పటిదాకా వాళ్లు గౌరవ వేతనం మీద సేవ చేసేవాళ్లు. 2024 జనవరి మొదటి వారంలో ప్రభుత్వం వాళ్ల మీద అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే ఎస్మా పెట్టింది. జీతం అడిగేటప్పుడు సేవకులు, సమ్మెలో కూచున్నప్పుడు అత్యవసర సేవలు. వాళ్లు మాత్రం ఎస్మాని పక్కన పెట్టి, మొత్తం 42 రోజులు కూచునే లేచారు.

యూనిఫాం విషయంలో కొంత పురోగతి ఉంది. 2025 ఏప్రిల్లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ డుంబ్రిగుడ మండలం పెదపాడు వచ్చి అడవితల్లి బాట మొదలుపెట్టారు. వెయ్యి కోట్ల పైచిలుకు ఖర్చు, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు రోడ్లు. ఓ పెద్దావిడ కాళ్లకి చెప్పుల్లేకపోవడం చూసి ఊరందరికీ చెప్పులు పంపించారు. సంతోషం. యూనిఫాం కింద నుంచి మొదలైంది, భుజం దాకా రావడానికి టైము పడుతుంది. రోడ్లన్నీ పూర్తయితే మా ఎయిర్‌లైన్స్ మూతపడుతుంది, సిబ్బంది అందరికీ ఉద్యోగాలు పోతాయి. నష్టపరిహారం అడగరని హామీ ఇస్తున్నాం.

అన్నట్టు, భోగాపురం విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. మా జిల్లాకీ 2022 నుంచి ఆయన పేరే. ఆయన 1922లో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడడానికి ముందు ఈ కొండల్లో జరిగిన గొడవేమిటంటే, తెల్లదొరలకి రోడ్డు వెయ్యాలి, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ విదిలించిన కూలి పుచ్చుకోవాలి, దొరలొస్తే వాళ్ల సామాను వెట్టికి మొయ్యాలి. వందేళ్ల తర్వాత దొరల సామాను మొయ్యక్కర్లేదు, విమానాశ్రయంలో దానికి చక్రాల బండ్లుంటాయి. మా వాళ్లు మోసేది తమ మనుషుల్నే. అందుకు ఎవరూ బలవంతపెట్టరు కాబట్టి అది వెట్టి కాదు. ఎవరూ డబ్బివ్వరు కాబట్టి కూలీ కాదు. ఉపాధి పనుల జాబితాలో మట్టి తవ్వడముంది, మనిషిని మొయ్యడం లేదు.

ఇవన్నీ విన్నాక సిబ్బంది ఒక ఫిర్యాదు రాద్దామన్నారు. ఫారంలో 'యజమాని పేరు' అని ఒక గడి ఉంది. కలెక్టరు అని రాద్దామంటే రోడ్లు ఆయన వెయ్యడన్నారు. పంచాయతీరాజ్ అని రాస్తే అటవీ అనుమతి రాలేదంటారు. అటవీ శాఖని రాస్తే, కొండ మీద ఊరుందనే మాకు తెలీదంటుంది. గంటసేపు తర్జనభర్జన పడ్డాక పొడుగువాడు పెన్ను తీసుకుని ఆ గడిలో 'కొండ' అని రాశాడు, నలుగురూ వేలిముద్రలేశారు. ఫారం వారంలోనే తిరిగొచ్చింది, కొండ ఆధార్ నకలు జతచెయ్యలేదని.